ఫిలిస్కస్ చనిపోయాడని రాసిన వైద్యుడు

హిప్పోక్రటీస్ అనగానే అందరికీ ప్రమాణం గుర్తొస్తుంది. ఆయన పేరుమీద వచ్చిన గ్రంథాల్లో నేను ఎక్కువ గౌరవించేది ‘ఎపిడెమిక్స్’ను. అందులో మొదటి, మూడో భాగాల్లో 42 మంది రోగుల వివరాలున్నాయి. వాళ్లలో 25 మంది చనిపోయారు. మొదటివాడు ఫిలిస్కస్, గోడ పక్కన కాపురం. నల్లటి మూత్రం, చల్లటి చెమట, చల్లబడ్డ కాళ్లూ చేతులూ, ఆగి ఆగి పెద్దగా తీసే ఊపిరి. ఆరో రోజు పోయాడు. వైద్యుడు ఏదీ దాచలేదు, సాకు చెప్పలేదు.

దీని పక్కన 2021 మే నెలనాటి కృష్ణపట్నాన్ని పెట్టి చూడాలి. సముద్రతీరాన ఉన్న ఊరది. కోవిడ్‌తో ఆసుపత్రుల్లో మంచాలు దొరకని రోజుల్లో అక్కడ బొనిగి ఆనందయ్య తన మందును ఉచితంగా ఇచ్చారు. వేలమంది బారులు తీరారు. డబ్బు తీసుకోకుండా ఇవ్వడం చిన్న సంగతి కాదు, ఆ ఔదార్యాన్ని ఎగతాళి చేసినవాళ్లంటే నాకు గిట్టదు. అయితే ఊరూరా ఫోన్లలో తిరిగినవి కోలుకున్నవాళ్ల వీడియోలే. ఆయుష్ వాళ్లు ఆ తర్వాత మందు వాడినవాళ్లకు ఫోన్లు చేసి కనుక్కోవాల్సి వచ్చింది.

మేలు చెయ్యాలి, చెయ్యలేకపోతే కనీసం హాని చెయ్యకూడదన్న మాట ఉన్నది ప్రమాణంలో కాదు, ఈ ‘ఎపిడెమిక్స్’లోనే. ఆ మే 31న ప్రభుత్వం ఆనందయ్య ఇచ్చిన కంటి చుక్కలను పక్కనపెట్టి, కొన్ని నోటిమందులకు అనుమతిచ్చింది. వాటివల్ల హాని లేదంది, కోవిడ్ తగ్గుతుందనడానికి ఆధారం లేదనీ అంది. అంటే గ్రీకువాళ్లు అడిగిన రెండింట్లో రెండోదే తేలింది. ఆ అనుమతినే మందు గెలుపుగా చాలామంది చెప్పుకున్నారు. అది నాకు ఇప్పటికీ బాధ.

గ్రీకు వైద్యుణ్ణి నెత్తిన పెట్టుకోవడమూ తగదు. రోగి రహస్యం బయటపెట్టనని ప్రమాణం చేయించిన సంప్రదాయమే ఫిలిస్కస్ పేరూ, ఇంటి ఆనవాలూ రాసి పెట్టింది. అతని సమ్మతి ఊసే లేదు. పైగా ఆ కథల్లో చికిత్స చాలా తక్కువ, చూస్తూ రాసుకోవడమే ఎక్కువ. ఊపిరాడక కొట్టుకుంటున్న మనిషికి అది ఏం ఊరట? కృష్ణపట్నం బారులో నిలబడ్డవాళ్లకు కావలసింది పక్కన నిలిచే మనిషి. ఆ మనిషి ఆనందయ్యలో వాళ్లకు దొరికాడు.

అయినా కంటి చుక్కల విషయంలో నేను గ్రీకు పక్షమే. ఆక్సిజన్ పడిపోతున్న రోగి కంట్లో చుక్క వేశాక, ఆ మర్నాడు, మూడో రోజు, ఆరో రోజు ఎలా ఉన్నాడో ఒకరు కూర్చుని రాయాల్సింది. పోయినవాళ్ల పేర్లతో సహా.