రెండు వేల ఆర్పీఎం దగ్గర అసలు లెక్క

చిన్న కారు ఎంత చురుకైనదో తేల్చడానికి మనవాళ్లు ముందుగా అడిగే అంకె ఒకటే: నిలబడ్డ బండి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుంది? బ్రోచర్లు దాన్నే పైన అచ్చేస్తాయి, కుర్రాళ్లు దాన్నే కంఠతా చెబుతారు. కానీ మన రోడ్ల మీద ఆ అంకెతో పనిపడే సందర్భం దాదాపుగా రాదు. మనకు రోజూ ఎదురయ్యే పరీక్ష వేరు. ముందు కంకర లారీ యాభైలో పోతుంటుంది, వెనక మనం. ఎదురుదారి కాసేపు ఖాళీగా కనిపిస్తుంది. ఆ కాసేపట్లోనే యాభై నుంచి ఎనభై, తొంభైకి చేరి, లారీని దాటి, క్షేమంగా మన వరసలోకి వచ్చేయాలి. బండి సత్తా తెలిసేది అక్కడ.

నేను బండ్లను తూచేది ఈ పరీక్షతోనే. డీజిల్ హ్యాచ్‌బ్యాక్ గొప్పదా, పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ గొప్పదా అన్న పాత వాదాన్ని కూడా ఈ తక్కెడలోనే వేసి చూడాలంటాను.

హాట్ హ్యాచ్‌బ్యాక్ అనే జాతికి ఊపు తెచ్చింది 1976లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ. సంసారుల కారులో 110 పీఎస్ పెట్రోల్ ఇంజన్ పెట్టి, వారమంతా ఆఫీసుకు, ఆదివారం కొండదారులకు పనికొచ్చే బండిని తయారుచేశారు. 1982లో దానికి డీజిల్ తోబుట్టువు జీటీడీ వచ్చింది. దాని శక్తి 70 పీఎస్ మాత్రమే. డీజిల్ అంటే లారీలకు, ట్యాక్సీలకు అనుకునే కాలమది. ఆ చిన్నచూపు నెమ్మదిగా తొలగింది. 2003లో స్కోడా సంస్థ ఫాబియా వీఆర్ఎస్ అనే హాట్ హ్యాచ్‌బ్యాక్‌ను డీజిల్ ఇంజన్‌తోనే అమ్మింది, పెట్రోల్ రకం అసలు పెట్టలేదు. 2006లో ఆడి డీజిల్ రేసు కారు లెమాన్స్ 24 గంటల పందెం గెలిచింది. ఆ పందెంలో డీజిల్ కారు గెలవడం అదే మొదటిసారి.

మన దేశంలో ఈ పోలికకు ఇంతకంటే నికార్సయిన జంట దొరకదు అనిపించేవి రెండు పోలోలు. 2013లో ఫోక్స్‌వ్యాగన్ ఇక్కడ పోలో జీటీ టీఎస్ఐని, అదే ఏడు పోలో జీటీ టీడీఐని విడుదల చేసింది. మొదటిది 1.2 లీటర్ల టర్బో పెట్రోల్, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్. రెండోది 1.6 లీటర్ల టర్బో డీజిల్, అయిదు గేర్ల మాన్యువల్. ఒకే ఒళ్లు, ఒకే బ్యాడ్జి, రెండింటికీ శక్తి సరిగ్గా 105 పీఎస్. కాగితం మీద కవలలు. నడిపితే మాత్రం ఒకదానికొకటి పోలికే లేని బండ్లు.

ఎందుకో తెలియాలంటే 105ని పక్కనపెట్టి, అది ఎక్కడ పుడుతుందో చూడాలి. పెట్రోల్ పోలో టార్క్ 175 న్యూటన్ మీటర్లు, 1500 నుంచి 4100 ఆర్పీఎం దాకా. డీజిల్‌ది 250 న్యూటన్ మీటర్లు, కానీ 1500 నుంచి 2500 దాకానే. టార్క్‌ను ఆర్పీఎంతో హెచ్చిస్తే శక్తి వస్తుంది. ఇంజన్ 2000 ఆర్పీఎంలో తిరుగుతున్నప్పుడు ఆ లెక్క కట్టి చూస్తే డీజిల్ చేతిలో 71 పీఎస్ ఉంటుంది, పెట్రోల్ చేతిలో 50. అదే పెట్రోల్ ఇంజన్‌ను 4000 దాకా తిప్పితే దాదాపు 100 పీఎస్ ఇస్తుంది. డీజిల్ కూడా తన పూర్తి శక్తిని 4400 దగ్గర ఇస్తుంది గానీ, అప్పటికే దాని ఊపిరి అయిపోవచ్చి ఉంటుంది. పెట్రోల్‌కు ఇంకా పైకి వెళ్లే చోటు మిగిలి ఉంటుంది.

ఇప్పుడు మన రోజువారీ నడకను గుర్తుచేసుకోండి. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని, ఏసీ వేసుకుని, పక్కవాళ్లతో మాట్లాడుతూ పోయేటప్పుడు ఇంజన్ ఎంతలో తిరుగుతుంది? పదిహేను వందలకూ రెండున్నర వేలకూ మధ్య. డీజిల్ బలమంతా దాచుకున్న చోటు సరిగ్గా అదే. అందుకే లారీ వెనక మూడో గేరులో ఉన్న జీటీ టీడీఐ ఏ తయారీ లేకుండా ఎత్తుకుంటుంది. గేరు మార్చక్కర్లేదు, ఇంజన్‌ను అరిపించక్కర్లేదు. కాలు నొక్కితే చాలు, వీపు సీటుకు అతుక్కుంటుంది. స్విఫ్ట్ డీజిల్ నడిపినవాళ్లకూ ఈ అనుభవం కొత్తది కాదు. దాని 1.3 లీటర్ల ఫియట్ ఇంజన్ శక్తి 75 పీఎసే. అయినా టార్క్ 190 న్యూటన్ మీటర్లు. టర్బో మేల్కొన్నాక అది లాగే తీరు చూసి ‘డీజిల్ పికప్పే వేరు’ అన్నవాళ్లు మన ఊళ్లలో కోకొల్లలు. ఆ మాటలో నిజముంది.

అయితే ఆ నిజానికి హద్దుంది. డీజిల్ బలం కురచ. ఓవర్‌టేక్ మధ్యలోనే నాలుగు వేల ఆర్పీఎం దాటిపోతుంది, ఆ పైన చప్పుడు పెరుగుతుంది తప్ప లాగుడు పెరగదు. అప్పుడు లారీ పక్కన ఉండగానే గేరు మార్చాల్సి వస్తుంది. ఆ ఇబ్బంది రాకుండా ఏ గేరులో మొదలుపెట్టాలో ముందే నిర్ణయించుకోవడం డీజిల్ నడిపేవాడి నైపుణ్యం. పెట్రోల్ పోలోది ఇంకో ధోరణి. ‘డి’లో పెట్టి సాగిపోతుంటే మైలేజీ కోసం గేర్‌బాక్స్ పై గేరులోకి వెళ్లి కూర్చుంటుంది. హఠాత్తుగా నొక్కితే ఒక క్షణం ఆలోచిస్తుంది, రెండు మూడు గేర్లు దిగుతుంది, ఆ తర్వాత మాత్రం ఆగదు. ఆ క్షణాన్ని ముందే లెక్కలో వేసుకుని, ఖాళీ కనిపించకముందే స్పోర్ట్ మోడ్‌లోకో, చేత్తో కింది గేరులోకో దించి సిద్ధంగా ఉంచేవాడికి టీఎస్ఐ అద్భుతమైన బండి. ఒకటి సమయం చూసి గేరు పట్టమంటుంది, ఇంకొకటి ముందుచూపుతో ఇంజన్‌ను లేపి ఉంచమంటుంది. రెండూ నేర్చుకోవాల్సిన విద్యలే, నాకు రెండూ ఇష్టమే.

ఘాట్ రోడ్డు ఎక్కితే తూకం మారుతుంది. అనంతగిరి మీదుగా అరకు వెళ్లే దారిలోనో, నంద్యాల, గిద్దలూరుల మధ్య నల్లమలలోనో మలుపు దగ్గర వేగం బాగా తగ్గుతుంది. రెండో గేరులో ఇంజన్ 1500 కిందికి పడితే డీజిల్ టర్బోకు ఊపు అందదు. బండి ముక్కుతుంది. నడిపేవాడు మొదటి గేరుకు దిగాలి, లేదా క్లచ్చిని కాల్చాలి. రెండో పని ఎవరూ చేయకూడదు. టర్బో అందుకున్నాక ఒక్కసారిగా వచ్చే బలం తడి రోడ్డు మీద ముందు చక్రాలను జార్చగలదు. పైగా ఆ డీజిల్ ఇంజన్ దిమ్మ పోత ఇనుముది, పెట్రోల్ ఇంజన్‌ది అల్యూమినియం. ఆ బరువంతా ముందు చక్రాల మీదే పడుతుంది కాబట్టి మలుపులో డీజిల్ పోలో ముక్కు బయటికి పోవాలని చూస్తుంది. పెట్రోల్ పోలో స్టీరింగు తిప్పిన వైపు తేలిగ్గా తిరుగుతుంది, మలుపు మలుపుకూ గేరు దానంతటదే సరిచూసుకుంటుంది. చెట్ల నీడలో ఒకదాని వెంట ఒకటి వచ్చే ఆ మలుపుల్లో నా మనసు పెట్రోల్ వైపే మొగ్గుతుంది.

మన ఎండల సంగతి విదేశీ పరీక్షల్లో కనిపించదు. మే నెల మధ్యాహ్నం రామగుండంలోనో రెంటచింతలలోనో నలభై అయిదు డిగ్రీల వేడిలో గాలి పలచబడుతుంది, టర్బో వేడెక్కుతుంది, రెండు ఇంజన్లూ కొంత మందగిస్తాయి. పెట్రోల్ టర్బోకు అదనపు చిక్కు ఒకటుంది. వేడెక్కిన గాలి, అధిక పీడనం కలిస్తే స్పార్క్ మంట చేరకముందే ఇంధనం తనంతట తాను అంటుకునే ప్రమాదం ఉంది. దాన్నే నాకింగ్ అంటాం. అది రాకుండా ఇంజన్ కంప్యూటర్ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, దాంతో పికప్ తగ్గుతుంది. అప్పట్లో మన బంకుల్లో మామూలు పెట్రోల్ ఆక్టేన్ 91 కావడంతో ఈ తేడా బాగా తెలిసేది. డీజిల్ పనిచేసేదే పీడనంతో అంటించుకుని కాబట్టి దానికి ఆ భయం లేదు. వడగాలుల్లో అది మరింత నిబ్బరంగా అనిపించడానికి కారణం ఇదే.

మైలేజీ దగ్గర కూడా అధికారిక అంకెకూ అనుభవానికీ దూరముంది. మన దేశపు మైలేజీ పరీక్షలో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లే, వేగం పెంచే తీరు కూడా నెమ్మది. ఆ నడకలో టర్బో పెట్రోల్ బుద్ధిగా ఉంటుంది. అదే ఇంజన్‌ను ఉత్సాహంగా తొక్కితే, లోపలి భాగాలు అతిగా వేడెక్కకుండా అదనపు పెట్రోల్ చల్లుకుంటుంది. డీజిల్‌కు ఆ అవసరం లేదు, ఎంత తొక్కినా గాలి ఎక్కువ, ఇంధనం తక్కువగానే నడుస్తుంది. కాబట్టి నెమ్మదిగా నడిపేవాళ్ల కంటే హుషారుగా నడిపేవాళ్లకే రెండింటి ఖర్చులో తేడా ఎక్కువ తెలుస్తుంది. ఒక మాట మాత్రం డీజిల్ అభిమానులు కూడా గుర్తుంచుకోవాలి. లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోల్ కంటే పది శాతానికి పైగా శక్తి ఎక్కువుంటుంది. డీజిల్ మైలేజీ గొప్పలో కొంత భాగం ఇంజన్‌ది కాదు, లీటరుది.

ఇంత బలమున్న డీజిల్ హ్యాచ్‌బ్యాక్ మన రోడ్ల మీద నుంచి ఎందుకు తప్పుకుంది? మూడు దెబ్బలు తగిలాయి. 2012 ప్రాంతంలో లీటరుకు ముప్పై రూపాయల దాకా ఉన్న ధర తేడా, 2014 అక్టోబరులో డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తేశాక కరుగుతూ వచ్చింది. హైదరాబాద్‌లో ఇటీవలి సంవత్సరాల్లో అది పన్నెండు రూపాయల దగ్గరే ఉంది. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ ఇంజన్లలో పొగ పరీక్షను మోసగించే సాఫ్ట్‌వేర్ ఉన్నట్టు అమెరికాలో బయటపడింది. ఆ ఏడాది చివరికి ఆ కంపెనీ భారత్‌లోనూ 3 లక్షల 23 వేలకు పైగా కార్లను వెనక్కి పిలిచి సరిచేస్తానని ప్రకటించాల్సి వచ్చింది. మన ఊపిరితిత్తుల ఖర్చుతో వచ్చే పికప్ ఎంత బాగున్నా దాన్ని మెచ్చుకోలేం. చివరిగా 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అనే కొత్త కాలుష్య ప్రమాణం వచ్చింది. మసిని పట్టే ఫిల్టర్ చిన్న డీజిల్ కార్ల ధరను పెంచింది. ఊళ్లో రెండేసి కిలోమీటర్లు తిప్పి ఆపేస్తే ఆ ఫిల్టర్ పూడుకుపోతుంది, అది శుభ్రపడాలంటే హైవే మీద కొంతసేపు ఆగకుండా నడపాలి. పోలో డీజిల్ అక్కడితో ఆగింది, 2022లో పోలో పేరే మన మార్కెట్ నుంచి పోయింది.

ఈలోగా పెట్రోల్ డీజిల్ పాఠం నేర్చుకుంది. టాటా ఆల్ట్రోజ్‌నే తీసుకోండి, డీజిల్‌తో నిలిచిన హ్యాచ్‌బ్యాక్ అది. దాని 1.5 లీటర్ల డీజిల్ ఇంజన్ 90 పీఎస్, 200 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. 2024లో వచ్చిన ఆల్ట్రోజ్ రేసర్ 1.2 టర్బో పెట్రోల్‌తో 120 పీఎస్, 170 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. మళ్లీ 2000 ఆర్పీఎం దగ్గర లెక్క కడదాం. డీజిల్ చేతిలో 57 పీఎస్, పెట్రోల్ చేతిలో 48. పోలో జంటలో 21 ఉన్న తేడా ఇక్కడ తొమ్మిదికి దిగింది. పైన నాలుగు వేల దగ్గర పెట్రోలే ముందుంది. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ 1.0 టర్బో పెట్రోల్ అంకెలు కూడా ఇదే కోవలోవి. డీజిల్‌ను తిరుగులేనిదిగా నిలబెట్టిన ఆ తక్కువ ఆర్పీఎం చోటులోకి పెట్రోల్ కూడా వచ్చి నిలబడింది. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తున్నందున మైలేజీ కొంత తగ్గడం మాత్రం తప్పదు. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ.

నా తీర్పు ఇది. 2013 నుంచి 2020 దాకా మన రెండు వరసల రోడ్ల మీద, నిండు బండితో, జాగ్రత్తగా ఓవర్‌టేక్ చేయాల్సిన మనిషికి డీజిల్ హాట్ హ్యాచ్‌బ్యాకే మేలైన బండి. ఘాట్ రోడ్డును ప్రేమించేవాడికి అప్పుడూ పెట్రోలే. ఇవాళ కొత్త బండి కొనేవాళ్లలో నెలనెలా వేల కిలోమీటర్లు హైవే మీద తిరిగేవాళ్లు తప్ప మిగతావాళ్లకు టర్బో పెట్రోలే సరైన ఎంపిక. పాత జీటీ టీడీఐ కొనదలచినవాళ్లు మాత్రం క్లచ్చి, టర్బో చూపించకుండా డబ్బు కట్టొద్దు.

కొనబోయేవాళ్లకు ఒక మనవి. షోరూం చుట్టూ ఒక్కళ్లే తిరిగి వచ్చి సంతకం పెట్టకండి. ఇంట్లోవాళ్లను ఎక్కించుకోండి, ఏసీ పెంచండి, ఖాళీ రోడ్డు చూసుకుని మూడో గేరులో నలభై దగ్గర నిలకడగా పోనిచ్చి ఎనభై దాకా నొక్కండి. ఆటోమేటిక్ అయితే నొక్కిన క్షణానికీ కదిలిన క్షణానికీ మధ్య జాగాను గమనించండి. రెండో గేరులో ఒక ఎత్తు ఎక్కించండి. ఆ కొద్ది నిమిషాల్లో మీ కాలికి తెలిసిందే ఆ బండి అసలు పనితనం.