పొదుపు జన్యువు: ఒక విమర్శ

తిరుమలాయపాలెం వంటి గ్రామములో చక్కెర వ్యాధి గల తండ్రి బిడ్డను చూచి "అది వంశములోనే ఉన్నది" అంటారు. అటువంటి జన్యువు తరతరాలుగా ఎందుకు నిలిచినదని 1962లో ప్రశ్నించినవాడు అమెరికా జన్యుశాస్త్రజ్ఞుడు జేమ్స్ నీల్. తినగానే ఇన్సులినును చురుకుగా ఊరించి ఆహారమును నిలువ చేసే 'పొదుపు జన్యువు' కరవులో మేలు చేసినదనీ, సమృద్ధిలో కీడైనదనీ ఆయన ఊహ.

కరవులెరిగిన తెలంగాణ పాఠకునికి ఈ ఊహ సహజముగా తోచును. కాని సాక్ష్యము వేరు. 2006లో ఐస్‌లాండు పరిశోధకులు టి.సి.ఎఫ్.7.ఎల్.2 అను జన్యువులో మధుమేహముతో సంబంధమున్న మార్పును కనుగొన్నారు. 2007లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు భారతీయులలోను ఆ సంబంధమును చూపినారు. ఈ మార్పు ఇన్సులిను ఊరుటను పెంచదు, తగ్గించును. నీల్ చెప్పిన పద్ధతికి ఇది ఎదురు. ఆయనయే 1982లో తన వివరణను సవరించుకొన్నాడు.

అయినను వ్యాసములో సగము నిలిచినది: జన్యువునకు పరిసరము తోడుకావలెను. ఐస్‌లాండు లెక్కలో ఈ మార్పు ఒక ప్రతి ఉన్నవారికి ముప్పు సుమారు 1.45 రెట్లు, రెండు ప్రతులున్న వారికి 2.41 రెట్లు. ఇది హెచ్చరికయే గాని తీర్పు కాదు. 2006లోనే అమెరికాలో ప్రకటించిన మరొక పరిశోధనలో, బరువు తగ్గించుకొని వారమునకు 150 నిమిషములు నడక వంటి శ్రమ చేయ పూనుకొన్నవారి విషయములో ఆ మార్పు వలని ముప్పు దాదాపు మాసిపోయినది.

కనుక నీల్ వ్యాసమును తరగతిలో సమాధానముగా గాక మంచి ప్రశ్నగా బోధించవలెను. ఆ బిడ్డకు "ముందుగా జాగ్రత్తపడు" అని చెప్పుటకు శాస్త్రము ఆధారమిచ్చినది. "నీ రాత ఇంతే" అనుటకు ఇవ్వలేదు.