వార్త చెప్పని సగము

2019 సెప్టెంబరులో గుంటూరులో 74 ఏండ్ల వృద్ధురాలు కవల ఆడపిల్లలను కనిన వార్త పాఠకులకు జ్ఞాపకముండును. పత్రికలు దానిని వైద్యశాస్త్ర విజయముగా కొనియాడినవి. విజయమే, కాదనుటలేదు. కాని భద్రాచలము అడవి అంచు పల్లెలనుండి పట్టణములకు చికిత్సకై తిరిగి, రెండు మూడు మారులు వట్టిచేతులతో మరలివచ్చిన దంపతులకు ఆ వార్త తెచ్చిపెట్టునది ఒక్క ప్రశ్నయే: "ఆ వయసులో ఆమెకు కలిగినప్పుడు మీకెందుకు కలుగలేదు?"

సమాధానము ఆ వార్తలోనే ఉన్నది. ఆ గర్భమునకు ఆధారము దాత ఇచ్చిన అండము. వయసు మీరినకొలది ముఖ్యముగా క్షీణించునవి అండములు. గర్భాశయము అంతగా కాదు. శీర్షికలకు మాత్రము వయసొక్కటే కనిపించినది. పైగా 2021 నాటి చట్టము ప్రకారము స్త్రీకి 50, పురుషునికి 55 ఏండ్లు నిండిన పిమ్మట ఇట్టి చికిత్స చేయరాదు.

ఇక లెక్క. బ్రిటనులోని ఇటీవలి గణాంకములలో 35 ఏండ్లలోపు స్త్రీల గర్భాశయమున చేర్చిన పిండములలో సుమారు మూడవ వంతు మాత్రమే శిశుజననమునకు దారితీసినవి. స్వంత అండములు వాడిన 43 ఏండ్లు దాటిన వారిలో అది ఇరువదవ వంతే. అనగా, ఒక ప్రయత్నము విఫలమగుట సాధారణ ఫలితము. ఎవరి పాపమును కాదు. అయినను "గొడ్రాలు" అను మాట భార్యకే అంటగట్టుచున్నాము. దాదాపు సగము సందర్భములలో పురుషుని వైపున గూడ కారణముండునని శాస్త్రము చెప్పుచున్నది.

చికిత్స మానిన తరువాత ఏమగును? నెదర్లాండ్సులో ఏడు వేలమందికి పైగా స్త్రీలను, చికిత్స జరిగిన 11 నుండి 17 ఏండ్లకు పరిశీలించి, 2014లో ఫలితములు ప్రకటించిరి. అప్పటికిని సంతానవాంఛ వీడనివారు నూటికి ఆరుగురే. మానసిక వ్యాకులత వారిలోనే హెచ్చుగా కనబడెను. వాంఛయే వ్యాకులతకు కారణమని దీనివలన రుజువు కాలేదు. అయినను దుఃఖించి, క్రమముగా ఆ కోరికను వదలి, వేరొక లక్ష్యము చేపట్టినవారు కుదుటపడగలరని తెలియుచున్నది. దత్తత ఒక మార్గము. ఇద్దరే సుఖముగా జీవించుటయు మార్గమే.

దశరథునికి పాయసము లభించిన కథ భద్రాచలమున ఎల్లరెరిగినదే. పాయసము లభింపని యింటి సంగతిని ఉపాధ్యాయులు ప్రత్యుత్పత్తి పాఠమున రెండు మాటలలో చెప్పినను, రేపు ఆ విద్యార్థి తన పొరుగింటివారిని పై ప్రశ్న అడుగడు.