అద్దాల వెనుక మన బతుకు

మన కోసం కట్టిన మ్యూజియాన్ని మనమే విమర్శించడం ఎందుకని కొందరు అడుగుతారు. మన పిల్లలు అక్కడ తమను తాము చూసుకుంటారు. అందుకే అడగాలి. ఈ మధ్య ఒక విద్యార్థి శిబిరానికి మేము కొందరు ఉపాధ్యాయులం ఆదిలాబాద్ అడవి గూడేల పిల్లలను తీసుకెళ్లాం. రెండో రోజు ఒక గిరిజన మ్యూజియం చూపించారు.

ముందు మంచి చెప్పాలి. వస్తువులను శ్రద్ధగా సేకరించారు, శుభ్రంగా ఉంచారు. పట్నం పిల్లలు మన నగలను, వాద్యాలను దగ్గరగా చూశారు. అది చిన్న పని కాదు.

అయితే బోర్డుల మీద క్రియలన్నీ గతంలోనే ఉన్నాయి. 'వాడేవారు', 'ఆడేవారు', 'కొలిచేవారు'. మా పిల్లల్లో ఒకమ్మాయి గుమ్మెల ముందు నిలబడి "సార్, ఇది మా ఇంట్లో ఉంది కదా, మరి మేం లేమా?" అని అడిగింది. ఈ వ్యాసానికి మూలం ఆ ప్రశ్నే.

గుస్సాడీ నెమలి ఈకల టోపీ కింద 'నృత్య దుస్తులు' అని రాశారు. దండారిలో ఆ టోపీకి పూజ చేస్తాం. అది ధరించినవాళ్లు పండుగ ముగిసేదాకా స్నానం చేయరు, నియమంగా ఉంటారు. ఒక ఊరి దండారి మరో ఊరికి వెళ్తుంది, చుట్టరికాలు కలుస్తాయి. ఇదేదీ లేకుండా టోపీని మాత్రం చూపితే మన దీక్ష వేషమైపోతుంది. మార్లవాయికి చెందిన కనకరాజు గారికి గుస్సాడీ కళకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. అంటే ఆ కళ నిన్నమొన్నటి వార్త, పాతరాతి యుగపు ముచ్చట కాదు.

కిక్రి సంగతీ అంతే. 'తీగ వాద్యం' అన్నారు. దాన్ని వాయిస్తూ గోండుల వంశ కథలు పాడే పర్ధాన్ల పేరు లేదు. పాడే మనిషి లేకపోతే కిక్రి ఒట్టి కొయ్యే.

కొమురం భీం బొమ్మ ఉంది. 1940లో జోడేఘాట్‌లో ఆయన ఎందుకు ప్రాణమిచ్చాడో చెప్పే చోట 'వీరుడు' అన్న ఒక్క మాటతో సరిపెట్టారు. జల్, జంగిల్, జమీన్ అన్న మాటల్లోని భూమి ఆ గదుల్లో ఎక్కడా కనిపించలేదు. 1/70 చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం ఆ కథకు కొనసాగింపే. నగలు చూపించి నేలను దాచితే అది సగం చరిత్ర.

గుంజాలలో దొరికిన గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. అయినా ఒక్క బోర్డు మీదా ఆ అక్షరాలు లేవు.

శిబిరం నడిపిన తీరూ చూడాలి. వరసలో నడిపించారు, ఫొటోలు తీశారు, అరగంటలో బయటికి పంపారు. సాయంత్రం వ్యాసరచన పెడితే పిల్లలు బోర్డుల మీది వాక్యాలే తిరిగి రాశారు.

తోటి ఉపాధ్యాయులకు మా మనవి ఇది. మ్యూజియానికి వెళ్లే ముందు పిల్లలను గూడెంలో పెద్దల దగ్గర కూర్చోబెట్టండి. ప్రతి వస్తువుకూ గోండీలో, కొలామీలో పేరు రాయించండి. దాన్ని ఎవరు చేస్తారు, ఎప్పుడు తీస్తారు, ఎవరు ముట్టకూడదు అని అడిగించండి. ఆ నోటుపుస్తకంతో వెళ్తే బోర్డులో ఏం తక్కువైందో పిల్లలే చెబుతారు. ఆ మాటలను రాసి మ్యూజియం వాళ్లకు అందజేద్దాం. 'వాడేవారు' అన్నచోట 'వాడుతున్నారు' అని మార్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు.