యాత్రికుడూ, వలస కూలీ

ఈమధ్య నా పూర్వ విద్యార్థి ఒకడు అమెరికానుంచి ఒక యాత్రా వ్యాసం పంపించాడు. నల్లగొండలో డిగ్రీ చదివే రోజుల్లో నా దగ్గర తెలుగు పాఠం విన్నవాడు. దేవరకొండ మెట్ట ప్రాంతపు రైతు బిడ్డ. ఇప్పుడు అరిజోనా రాష్ట్రంలో పై చదువు చదువుతున్నాడు. మార్చిలో వారం రోజులు సెలవులిస్తే, తన గదిలోనే ఉండే నారాయణపేట మిత్రునితో కలిసి గ్రాండ్ కాన్యన్ లోయా, హూవర్ ఆనకట్టా చూసివచ్చాడు. ఆ ప్రయాణమే వ్యాసానికి వస్తువు. మా కళాశాల సంచికలో వేయవచ్చునేమో చూడమని అడిగాడు.

వ్యాసం బాగానే ఉన్నది. భాషలో తప్పులు లేవు. లోయ అంచున సూర్యోదయాన్ని వర్ణించిన భాగం ఏ పాఠ్యపుస్తకంలోనైనా చేర్చదగినదే. అయినా చదవడం ముగించేసరికి నాకు అసంతృప్తి కలిగింది. ఈ ప్రయాణం చేసినదెవరు? దేవరకొండ కుర్రవాడు చేసినట్టు అందులో ఒక్క గుర్తు లేదు. ఢిల్లీ వ్యాపారి కొడుకు రాసినా, పర్యాటక సంస్థవారు కరపత్రంగా అచ్చువేసినా ఇలాగే ఉంటుంది. మిత్రుడు కారు నడుపుతాడు, ఫోటో తీస్తాడు. అంతకుమించి అతనికి పని లేదు, మాట లేదు.

ఇది ఒక్క విద్యార్థి లోపమే అయితే దీన్నిగురించి ఇక్కడ రాయనక్కరలేదు. 2023–24లో అమెరికాలో చదువుకొన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది అని అక్కడి లెక్కలు చెప్పినవి. ఆ యేడు మనదేశం ఈ విషయంలో చైనాను మించిపోయింది. ఆ లెక్కలో తెలుగు పిల్లలు తక్కువేమీ కారు. సెలవుల్లో ఇద్దరు ముగ్గురు కలిసి చేసిన ప్రయాణాన్ని రాయడం వారికి అలవాటవుతున్నది. అందుచేత ఈ రచనల మంచిచెడ్డలు విచారించక తప్పదు.

యాత్రారచన మనకు కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నంలో బయలుదేరి, కృష్ణ దాటి, మా పాలమూరు సీమగుండానే హైదరాబాదు చేరి, కాశీకి వెళ్ళాడు. దారి పొడవునా విశేషాలు మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు రాసి పంపాడు. అవే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయినవి. ఆయన సుప్రీంకోర్టు ఉద్యోగి. బోయీలు మోసే పల్లకీ గలవాడు. అయినా ఏ మజిలీలో నీళ్ళు దొరుకుతాయో, ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయో తప్పకుండా రాశాడు. ఆ వివరాలవల్లనే ఈనాటికీ ఆ పుస్తకం సంఘచరిత్రకు పనికివస్తున్నది. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టరు పార్వతీశం’ నవలలో విదేశానికి పోయే విద్యార్థి మనల్ని నవ్వించాడు. కాని ఎక్కడ కనబడినా అతన్ని మొగల్తూరు మనిషిగానే పోల్చుకొంటాము, మరొకడని పొరబడలేము. దరిశి చెంచయ్య ఇంకొక మెట్టు పైకి పోయాడు. 1912లో చదువుకోసం అమెరికా వెళ్ళినవాడు గదర్ ఉద్యమంలో చేరి, జైలు పాలై, తన కథను ‘నేను, నా దేశం’లో చెప్పుకొన్నాడు. 1913లో పసిఫిక్ తీరాన పుట్టిన ఆ ఉద్యమంలో కలిసినవారెవరు? ఒకవైపు విశ్వవిద్యాలయ విద్యార్థులు. మరొకవైపు పొలాల్లో, రంపపు మిల్లుల్లో పనిచేసే పంజాబీ కూలీలు. విద్యార్థి అక్కడ కూలీని గుర్తించాడు. ఆ గుర్తింపులోనే తన దేశాన్నీ గుర్తించాడు.

మా రెండు ఉమ్మడి జిల్లాల్లో బీదవానికి దూరప్రయాణమంటే వలసే. పాలమూరు కూలీలు దేశంలో ఎన్ని ఆనకట్టలకు, ఎన్ని కాలువలకు మట్టి తీశారో చెప్పడం కష్టం. గుంపు మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇస్తాడు. అది తీరేదాకా మనిషి అతని చేతిలో ఉంటాడు. కోస్గి, నారాయణపేటలనుంచి బొంబాయి బస్సెక్కినవారిని యాత్రికులని ఎవరూ అనలేదు. వారు చూసిన లోకాన్ని ఎవరూ యాత్రాచరిత్రగా రాయలేదు. ఈనాడు అటువంటి ఇళ్ళ పిల్లలే కొందరు ఉన్న భూమి తాకట్టుపెట్టి, అప్పుతో విమానం ఎక్కుతున్నారు. చదువు సాగే రోజుల్లో విశ్వవిద్యాలయ ఆవరణలో వారానికి 20 గంటలకు మించి పని చేయగూడదని వారి వీసా నిబంధన. సెలవుల్లో మాత్రం పూర్తికాలం చేయవచ్చు. కాబట్టి అప్పున్న విద్యార్థికి సెలవు ఒకవైపు లోకం చూసే అవకాశం, మరొకవైపు నాలుగు డాలర్లు ఎక్కువ సంపాదించుకొనే అదను. ‘సెలవులు వచ్చాయి, బయలుదేరాము’ అని నా విద్యార్థి రాశాడు. ఆ వాక్యం వెనుక ఎంత తర్జనభర్జన జరిగిందో వ్యాసం చెప్పదు. వంటశాలలో గిన్నెలు కడిగితే వచ్చే వారం కూలి వదులుకొని వారిద్దరూ కదిలారు. నేను ఫోనులో గుచ్చిగుచ్చి అడిగితే ఆ సంగతి తెలిసింది.

ఫోనులోనే మరొకటి తెలిసింది. హూవర్ ఆనకట్టమీద నిలబడి కిందికి చూస్తూ నారాయణపేట మిత్రుడు, “ఇది కట్టినోళ్ళు ఎంతమంది సచ్చిపోయిన్రో!” అన్నాడట. అతని తల్లిదండ్రులు కాలువ పనులు జరిగేచోట గుడిసెల్లో అతన్ని పెంచారు. నా విద్యార్థి తాత నాగార్జునసాగర్ కట్టమీద రాయి మోశాడు. ఇద్దరూ అక్కడే గంటసేపు ఆ మాటలే మాట్లాడుకొన్నారట. “ఇదంతా ఎందుకు రాయలేదురా?” అన్నాను. “అవి ఇంట్ల ముచ్చట్లు గద సార్, వ్యాసంల ఎట్ల రాస్త?” అన్నాడు.

మన సాహిత్య బోధనలోని లోపమంతా ఈ ఒక్క జవాబులో ఉన్నది. హూవర్ ఆనకట్ట పని 1931లో మొదలై 1936లో ముగిసింది. ఆర్థిక మాంద్యంలో బతుకుతెరువు పోయినవారు ఆ ఎడారి ఎండలో పనికి చేరారు. 1931 ఆగస్టులో సమ్మె చేశారు. పనిలో చనిపోయినవారు 96 మంది అని అధికారిక లెక్క. చైనావారిని కూలికి పెట్టుకోగూడదని గుత్తేదార్ల ఒప్పందంలోనే రాసుకొన్నారు. ఇక మన సాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967లో కాలువలకు నీరు వదిలారు. అది రాతితో కట్టిన ఆనకట్ట. మనుషులు వీపులమీదా తలలమీదా మోసి లేపిన కట్ట. కాని దాని కాలువ నీరు దేవరకొండ మెట్టకు ఎక్కలేదు. కట్టకు రాయి మోసిన జిల్లాలోనే ఎన్నో ఊళ్ళు ఏళ్ళతరబడి ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయినవి. ఈ రెండు ఆనకట్టలను పక్కపక్కన పెట్టి చూడగలవారు ఎందరుంటారు? ఆ యిద్దరూ చూశారు. రాయడానికి మాత్రం అది తగదనుకొన్నారు.

కొందరు మిత్రులు అడుగుతారు: పేదవాని బిడ్డ పొద్దుపొడుపు చూసి ఆనందించగూడదా? ప్రతి కొండమీదా జెండా పాతవలెనా? అక్కరలేదు. ఆనందం అతని హక్కు, ఎవరూ కాదనలేరు. వర్ణన చివర ఒక నినాదం అతికించిన యాత్రావ్యాసాలు మన పత్రికల్లో కూడా వస్తూనే ఉన్నవి. అవి ఉత్త వర్ణనలకంటె మేలైనవేమీ కావు. వాటిలోనూ రాసిన మనిషి కనబడడు. నేను కోరేది ఆనందానికి చెల్లించిన వెల కూడా చెప్పమని. వారం కూలి పోగొట్టుకొని చూసిన సూర్యోదయానికీ, ఊరకే చూసిన సూర్యోదయానికీ తేడా ఉన్నది. ఆ తేడాలోనే కవిత్వం ఉన్నది.

సురవరం ప్రతాపరెడ్డి పాలమూరు జిల్లావారే. 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కోసం ఆయన కావ్యాలన్నీ గాలించి, జనం ఏమి తిన్నారో, ఏమి కట్టుకొన్నారో, ఏ ఆటలు ఆడారో ఏరితెచ్చాడు. 1955లో సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొదటి బహుమతి ఆ గ్రంథానికే వచ్చింది. నూరేళ్ళ తర్వాత అటువంటివాడొకడు నా విద్యార్థి వ్యాసం చేతికి తీసుకొంటే అతనికేమి దొరుకుతుంది? సూర్యోదయం దొరుకుతుంది. అది అప్పుడూ ఉంటుంది.

తప్పు అతనొక్కనిదే అనలేను. తరగతి వ్యాసాల్లో ఇంటి మాట కనబడితే ఎర్రసిరాతో కొట్టివేసినవాణ్ణి నేనే. ప్రకృతి వర్ణనకు ఎక్కువ మార్కులు వేసినవాణ్ణీ నేనే. ఇంట్లో ముచ్చట వేరు, సాహిత్యం వేరు అని ఆ పిల్లవాడు నా దగ్గరనే నేర్చుకొన్నాడు.

వ్యాసం తిరిగి పంపాను. సూర్యోదయాన్ని తీసివేయమనలేదు. వదులుకొన్న కూలినీ, తాత మోసిన రాయినీ, కట్టమీద మాట్లాడుకొన్న ఆ గంటసేపు మాటలనూ చేర్చమన్నాను. మిత్రుని మాటను మిత్రుని నుడికారంలోనే ఉంచమన్నాను. సంచికలో చోటు ఉంచాను. సాటి అధ్యాపకులకు నా మనవి కూడా ఇదే. విదేశాలనుంచి మీ విద్యార్థుల వ్యాసాలు వచ్చినప్పుడు అచ్చుతప్పులు దిద్దేముందు, దారిలో మీరిద్దరూ ఏమి మాట్లాడుకొన్నారని అడగండి.