మందు పేరు, రోగము పేరు

విశాఖపట్నము సమీపమున పరవాడ వద్ద జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ కలదు. అక్కడ తయారగు మందుల ముడిసరుకును కొనువారు శుద్ధతా పరీక్షల ఫలితములను అడుగుదురు. అందమైన మాటలతో వారికి పనిలేదు. ఆ సరుకే బిళ్ళయై, పేరు పెట్టుకొని అంగడికెక్కిన పిమ్మట మాటకు విలువ పెరుగును.

ఇది తెలుగువారికి క్రొత్తగాదు. 1893లో అమృతాంజనమును ప్రారంభించిన కాశీనాథుని నాగేశ్వరరావుగారు సంగీత సభలలో దానిని ఉచితముగా పంచిపెట్టించిరి. అది ప్రచారమని పుచ్చుకొన్నవారికి తెలియును. నేటి ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ ప్రచారములలో తరచుగా లోపించునది ఆ తెలివిడియే.

2015లో అమెరికాలో జరిగిన సంగతి చూడుడు. కిమ్ కర్దాషియన్ అను టెలివిజన్ తార, గర్భిణుల వేవిళ్ళకు వాడు డైక్లెజిస్ తనకు బాగుగా పనిచేసినదని ఇన్‌స్టాగ్రామ్‌లో వ్రాసినది. ఆ మందు కంపెనీతో ఆమెకు ఒప్పందము కలదు. నిద్రమత్తు కలుగవచ్చునన్న హెచ్చరిక ఆ వ్రాతలో లేదు. వాంతులు మితిమీరిన స్థితిలో ఆ మందు పరీక్షింపబడలేదన్న మాటయు లేదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కంపెనీని హెచ్చరించిన పిదప ఆమె సవరణ ప్రకటింపవలసివచ్చినది.

దాచిన హెచ్చరిక ఒక దోషము. అంతకన్న పెద్ద దోషము, "నాకు తగ్గినది" అన్న వాక్యమును సాక్ష్యముగా చూపుట. వేవిళ్ళు సాధారణముగా నెలలు గడచినకొలది వాటంతట అవియే తగ్గును. తగ్గించినది మందా, కాలమా? మందు లేని ఉత్తుత్తి బిళ్ళను మరికొందరికి ఇచ్చి పోల్చిననే ఇది తేలును. లక్షమంది మెచ్చినను ఆ పోలిక జరిగినట్లు కాదు.

మన దేశమున 1954 నాటి చట్టము మధుమేహము, క్యాన్సరు మొదలగువాటిని నయము చేయుదుమను ప్రకటనలను నిషేధించినది. వైద్యుని చీటీపై అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ మందులను కేంద్రప్రభుత్వ అనుమతి లేక ప్రకటింపరాదు. కాని కంపెనీ మందు పేరు చెప్పక రోగము పేరు చెప్పిన ఏమగును? "మీకు ఈ లక్షణములున్నవా? వైద్యుని అడుగుడు" అనును. దీనికి అవగాహన అని పేరు. కొంత నిజముగా అవగాహనయే. అందువలననే వేరుచేయుట కష్టము. డబ్బు ఎవరిదో మొదటి పంక్తిలోనే చెప్పవలెనని కోరుట న్యాయము.

ఈ సాధనముతో మేలైన పనియు చేయవచ్చును. లోపమున్న బ్యాచిని వెనుకకు పిలిచినప్పుడు దాని సంఖ్యను గంటలలో ఊరూరికి తెలుపవచ్చును. "ఈ బిళ్ళ వేసికొనగా దద్దుర్లు వచ్చినవి" అని చదువరి వ్రాసిన, దానిని చెరిపివేయక ఫిర్యాదుగా స్వీకరింపవచ్చును. మందుల దుష్ఫలితములను తెలుపుటకు 2010లో ఆరంభమైన జాతీయ కార్యక్రమమునకు 1800-180-3024 అను ఉచిత ఫోను కలదు. దానిని ప్రతి ప్రకటన క్రిందను వేయుటకు కంపెనీకగు ఖర్చు ఒక్క పంక్తి.