శోకమా, ఉపేక్షా?: ‘ది ఫాగ్ ఆఫ్ వార్’పై ప్రేక్షకాభిప్రాయాలు – స్త్రీపర్వ దృష్టితో పరిశీలన

ప్రస్తావన

యుద్ధకాలంలో అధికారం నెరపిన నాయకుడు వృద్ధాప్యంలో కెమెరా ముందు కూర్చొని తన నిర్ణయాలను తానే వివరించినప్పుడు, ప్రేక్షకుడు దేనిపై తీర్పు చెప్పాలి? ఆ మనిషి మనసుపైనా, అతని మాటపైనా, అతని నిర్ణయాల ఫలితంపైనా? ఎరల్ మోరిస్ 2003లో రూపొందించిన ‘ది ఫాగ్ ఆఫ్ వార్’ డాక్యుమెంటరీ ఈ ప్రశ్నను బలంగా ముందుకు తెచ్చింది. 1961 నుంచి 1968 వరకు అమెరికా రక్షణమంత్రిగా పనిచేసిన రాబర్ట్ మెక్‌నమారా జీవితాన్ని ఇది పదకొండు పాఠాలుగా అమర్చింది. 2004లో ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ పొందింది. దీనిపై వెలువడిన అభిప్రాయాలలోని తీర్పు పద్ధతిని, తిక్కన తెలుగుచేసిన స్త్రీపర్వంలోని తీర్పు పద్ధతితో పోల్చి చూడటం ఈ వ్యాస లక్ష్యం.

అభిప్రాయాలలోని చీలిక

చిత్రాన్ని చూసినవారు ప్రధానంగా రెండు పక్షాలుగా చీలారు. ఎనభై అయిదేళ్ల వయసులో తన పొరపాట్లను బహిరంగంగా చర్చించిన నాయకుని నిజాయితీకి మొదటి పక్షం విలువనిచ్చింది. రోజర్ ఎబర్ట్ వంటి విమర్శకులు చిత్రాన్ని ఎంతగానో మెచ్చుకున్నారు. 2003 మార్చిలో ఇరాక్ యుద్ధం మొదలై ఉండటం వల్ల మెక్‌నమారా మాటలను సమకాలీన పాలకులకు హెచ్చరికగా స్వీకరించినవారూ ఉన్నారు.

రెండవ పక్షం దీనిని ఆత్మరక్షణగా భావించింది. దర్శకుడు మెక్‌నమారాను గట్టిగా నిలదీయలేదని అలెగ్జాండర్ కాక్‌బర్న్ విమర్శించారు. 1962 నాటి క్యూబా క్షిపణి సంక్షోభంలో తన పాత్రను గురించి మెక్‌నమారా ఇచ్చిన చిత్రణ, శ్వేతసౌధపు ధ్వనిముద్రణలతో పొసగదని ఫ్రెడ్ కాప్లన్ చూపారు. ఈ విమర్శ కేవలం అభిరుచికి చెందినది కాదు. సాక్ష్యాన్ని సాక్ష్యంతో పరీక్షించడం దీని బలం.

అయినా రెండు పక్షాలకూ ఒక ఉమ్మడి భూమిక ఉంది. నాయకుడు నిజంగా పశ్చాత్తాపపడ్డాడా లేదా అన్నదే ఇద్దరికీ కొలమానం. పడ్డాడన్నవారు మెచ్చారు, పడలేదన్నవారు నిరసించారు. చర్చ సాగినంత మేరా దృష్టి మెక్‌నమారా ముఖం మీదనే నిలిచింది.

చిత్రశిల్పం, దృష్టికేంద్రం

ఇందుకు చిత్రశిల్పం కూడా కొంత కారణం. మోరిస్ వాడిన ‘ఇంటరోట్రాన్’ అనే సాధనంలో, మాట్లాడే వ్యక్తికి కెమెరా కటకం స్థానంలో ప్రశ్నించేవారి ముఖం కనిపిస్తుంది. అందువల్ల అతని చూపు నేరుగా ప్రేక్షకుని కళ్లలోకి వస్తుంది. ప్రేక్షకుడు తానే ఆ వాంగ్మూలాన్ని వింటున్న న్యాయమూర్తినన్న భావనకు లోనవుతాడు. కంటి తడి, గొంతు వణుకు, మౌనం అన్నీ సాక్ష్యాలుగా మారతాయి.

ఇక్కడ ఒక అంశం గమనార్హం. మెక్‌నమారా కన్నీరు పెట్టుకునే ఘట్టం కెనడీ సమాధికి స్థలం ఎంచిన జ్ఞాపకానికి సంబంధించినది. వియత్నాంకు సంబంధించినది కాదు. ఆ కన్నీటిని యుద్ధపశ్చాత్తాపానికి నిదర్శనంగా చదివితే, విభావాన్ని విడిచి అనుభావాన్ని మాత్రమే పట్టుకున్నట్లవుతుంది. ఏ ఆలంబనం వల్ల శోకం పుట్టిందో చూడకుండా శోకాన్ని నిర్ణయించడం రసశాస్త్ర దృష్టిలో లోపమే.

మృతులు ఎక్కువగా అంకెల రూపంలో కనిపిస్తారు. 1945 మార్చిలో టోక్యోపై ఒక్క రాత్రి జరిగిన దాడిలో లక్షమంది పౌరులు మరణించారని మెక్‌నమారా చెబుతారు. విమానాల నుంచి బాంబులకు బదులు అంకెలు రాలిపడే దృశ్యం తెర మీద వస్తుంది. టోక్యో 51 శాతం ధ్వంసమైందంటే న్యూయార్క్ అంత ధ్వంసమైనట్లని పోలిక చూపుతారు. లెక్కలతో యుద్ధాన్ని నడిపిన మనస్తత్వంపై ఇది దర్శకుని పదునైన వ్యాఖ్య. మాటలో చెప్పని విమర్శను దృశ్యంలో చెప్పిన ఈ శిల్పాన్ని, దర్శకుడు నిలదీయలేదన్నవారు తగినంతగా లెక్కలోకి తీసుకోలేదు. కాని ఈ శిల్పానికీ ఒక పరిమితి ఉంది: అంకె ఎంత పెద్దదైనా దానికి ముఖం ఉండదు.

గాంధారి చూపు

స్త్రీపర్వంలోనూ యుద్ధం ముగిసింది. వ్యాసుని వరం వల్ల లభించిన దివ్యదృష్టితో గాంధారి రణభూమిని చూస్తుంది. ఆ చూపు నాయకుల ముఖాల మీద ఆగదు. పడి ఉన్న దేహాల మీద, వాటిని వెతుక్కుంటున్న స్త్రీల మీద నిలుస్తుంది. దుర్యోధనుడు, కర్ణుడు, అభిమన్యుడు, రోదిస్తున్న ఉత్తర – ఒక్కొక్కరినీ కృష్ణునికి పేరుపేరునా చూపుతుంది. ఆమె శోకంలో స్వపక్ష పరపక్ష భేదం కరిగిపోతుంది.

ఆ దర్శనం ముగిశాకే తీర్పు వస్తుంది. కృష్ణుడు దుఃఖించాడా లేదా అని గాంధారి అడగదు. ఆపగల శక్తి ఉండీ వినాశాన్ని ఉపేక్షించాడన్నదే ఆమె అభియోగం. శాపానికి ఆధారం అదే. అంటే తీర్పుకు కొలమానం నాయకుని అంతరంగం కాదు, అతని సామర్థ్యానికీ ఆచరణకూ మధ్య ఉన్న దూరం. కథానంతరభాగమైన శాంతిపర్వంలో ధర్మరాజు తన తప్పును తానే చెప్పుకొని వగచినా, ఆ వగపుతో విచారణ ముగియదు. తమ్ములు, ద్రౌపది, వ్యాసుడు అతనితో వాదిస్తారు. నాయకుని పశ్చాత్తాపం చర్చకు ఆరంభమే తప్ప చివరి మాట కాదు.

ఈ కొలమానంతో చిత్రాన్ని తిరిగి చూస్తే, కీలకఘట్టం కన్నీరు కాదు, ముగింపు. వియత్నాం యుద్ధ బాధ్యతను మెక్‌నమారా అధ్యక్షునికి ఆపాదిస్తారు. అపరాధభావన ఉందా అన్న ప్రశ్నకు సమాధానం నిరాకరిస్తారు. యుద్ధంపై తన సందేహాలను పదవి వీడాక బహిరంగంగా ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకూ మౌనమే. మెక్‌నమారా మనసులో ఏముందో ప్రేక్షకునికి తెలిసే వీలు లేదు. ఆ మౌనకాలంలో యుద్ధం సాగిందన్నది మాత్రం చరిత్ర. మెక్‌నమారా పదవి వీడేనాటికి అమెరికా సైనికమృతులు సుమారు 25,000. యుద్ధం ముగిసేసరికి 58,000. వియత్నాం మృతులు 34 లక్షలని చిత్రంలో మెక్‌నమారా నోటనే వినిపిస్తుంది.

ముగింపు

దివ్యదృష్టికీ కెమెరాకూ, కృష్ణునికీ మెక్‌నమారాకూ సామ్యం చెప్పడం ఈ పోలిక ఉద్దేశం కాదు. స్త్రీపర్వం నుంచి గ్రహించినది ఒక ప్రశ్న మాత్రమే. ‘ది ఫాగ్ ఆఫ్ వార్’పై అభిప్రాయాలు పశ్చాత్తాపం నిజమా నటనా అన్న చర్చలో చిక్కుకొని, చిత్రం అంకెలుగా చూపిన మృతులను వెనుకకు నెట్టాయి. నాయకుడు ఏమి అనుభవించాడన్నది కాక, ఏమి చేయగలిగి చేయలేదన్నది ముందుగా అడిగినప్పుడు, కాప్లన్ చేసినటువంటి సాక్ష్యపరీక్షకు ప్రాధాన్యం పెరుగుతుంది. కన్నీటికి తగుమాత్రపు విలువే మిగులుతుంది. యుద్ధనాయకుల డాక్యుమెంటరీలను, ఆత్మకథలను అధ్యయనం చేసే తెలుగు విమర్శకు నెల్లూరు కవి అందించిన ఈ క్రమం – ముందు మృతుల దర్శనం, తరువాత నాయకునిపై తీర్పు – ఇప్పటికీ ఉపయుక్తమే.